బడి తలుపులు మూసిన దినములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము పంచాయతి కచేరి ప్రక్కగదిలో రెండు బీరువాలతో ఆరంభమైనప్పుడు ఆ సభకు నేను శ్రోతగా వచ్చితిని. నేడు నన్ను వక్తగా నిలువబెట్టినారు. విషయమును మాత్రము నా ఇష్టమునకే విడిచినారు. ఇట్టి సభలలో గ్రంథాలయోద్యమ చరిత్రమును చెప్పుట వాడుక. దానిని నాకంటె బాగుగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా బ్రతికినవాడను. నాకు తెలిసినది బడి ఒక్కటే. కావున ఆ బడి మూతపడిన కాలమును గూర్చి చెప్పదలచితిని.

2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి మన మీద పడినప్పుడు బడులు ఏమి చేసినవి, ఏమి చేయలేకపోయినవి, పిల్లల ప్రాణమును, వారి చదువును, కలిగినవారి బిడ్డకును లేనివారి బిడ్డకును నడుమ న్యాయమును ఏకకాలమున కాపాడుట ఎంత కష్టమయ్యెను అనునది నా విషయము. ఈ గ్రంథాలయపు వరండాకు గూడ ఆ కథలో చోటున్నది. అందుచేత ఇది ఇక్కడ చెప్పదగినదే అనుకొందును.

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించెను. మరి పదిదినములలో మన బడులు మూతపడినవి. మార్చి 25 నుండి దేశమంతయు తలుపులు వేసికొనెను. మనకే కాదు, లోకమునకంతకును ఇదే గతి. ఆ వసంతకాలమున సుమారు 160 కోట్లమంది విద్యార్థులు బడికి దూరమైరని యునెస్కో లెక్కించినది. ప్రపంచ చరిత్రలో యుద్ధములు వచ్చినవి, కరవులు వచ్చినవి. కాని ఇన్ని దేశములలో ఇందరు పిల్లలు ఒక్కమారుగా ఇంటికడ కూర్చున్న దినము లేదు.

మొదటి వారములలో ఎవరికిని సందేహము లేదు. ప్రాణము ముందు, పాఠము వెనుక. నేనును అట్లే తలచితిని. బడి తాళముచెవిని జేబులో వేసికొని, వేసవి సెలవులు కొంచెము ముందుగా వచ్చినవనుకొని ఇంటికి పోతిని. నా మతిలేనితనము నాకు ఏప్రిలు నెలలో తెలిసెను. మధ్యాహ్నము పన్నెండున్నర వేళకు మా ఇంటి గుమ్మమునొద్ద ఇద్దరు చిన్నపిల్లలు నిలిచియుండిరి. ఎందుకు వచ్చితిరని అడిగితిని. వారు బదులు చెప్పలేదు. చేతిలో బడి పళ్లెములు ఉన్నవి.

బడి అనగా చదువు మాత్రమే అని చదువుకొన్నవారు అనుకొందురు. పేదవాని దృష్టిలో బడి మొదట ఒక పూట అన్నము. ఇది మన దక్షిణదేశమునకు క్రొత్త మాట కాదు. 1920లోనే సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారు అధ్యక్షులుగా ఉన్నప్పుడు మదరాసు నగరపాలకులు ఒక బడిలో పిల్లలకు ఫలహారము పెట్టుట ఆరంభించిరి. 2001 నవంబరులో సుప్రీముకోర్టు ప్రభుత్వ పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. మన రాష్ట్రమున అది 2003లో అమలునకు వచ్చెను. 2020 మార్చి 18న, బడులు మూతపడిన కొలది దినములకే, అదే న్యాయస్థానము ఈ పిల్లల అన్నము మాటేమని తనంతట తానుగా రాష్ట్రములను ప్రశ్నించినది. కేరళములో సరకులను ఇండ్లకు చేర్చిరి. మన ఆంధ్రప్రదేశములో బియ్యము, కోడిగ్రుడ్లు, వేరుసెనగ చిక్కీలు వాలంటీరుల ద్వారా పంచిరి. అది మంచిపని. దానిని తక్కువ చేయను.

ఐనను ఒక మాట చెప్పవలెను. బడిలో పెట్టిన గ్రుడ్డు బిడ్డ కడుపులోనికి పోవును. ఇంటికి పంపిన గ్రుడ్డు ఇంటిల్లిపాదికిని చెందును. కూలి లేక నలుగురు పస్తున్న ఇంట ఎనిమిదేండ్ల పిల్ల ఒంటరిగా గ్రుడ్డు తినునా? తల్లి అట్లు పెట్టగలదా? ఆ తల్లిని తప్పుపట్టు హక్కు మనకు లేదు. బడి పంక్తిలో మాత్రమే ఆ పిల్ల వంతు ఆ పిల్లది. బడి మూసినప్పుడు మనము మూసినది ఆ పంక్తిని.

ఇక చదువు సంగతి. జూను వచ్చెను, బడులు తెరవలేదు. అప్పుడు పాఠములు గాలిలో రాసాగినవి. మనకు దూరదర్శన్ సప్తగిరిలోను, తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరిలోను, టీ-శాట్ వాహినులలోను పాఠములు చెప్పిరి. మంచి ఉపాధ్యాయులు, మంచి బొమ్మలు. ఉపాధ్యాయులమైన మేము సెల్‌ఫోనులో తరగతికొక గుంపు కట్టి అభ్యాసములు పంపుచుంటిమి. ప్రతి సాయంకాలము ఎందరు పాఠము చూచిరో పై అధికారులకు లెక్క పంపవలెను. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి ఈ సభలో ఒప్పుకొనవలసియున్నది.

ఏ ఇంట ఫోను ఉన్నదో ఆ ఇంటి పిల్లలందరును పాఠము విన్నట్లు వ్రాసితిని. ఫోనులేని ఇంట టెలివిజను ఉన్నచో అదియు విన్నట్లే వ్రాసితిని. లెక్క చక్కగా ఉండెను. నూటికి ఎనుబదియైదు, తొంబది. ఎవరును నన్ను అబద్ధమాడుమనలేదు. కాగితము నిండుగా ఉన్నచో మనసు నిశ్చింతగా ఉండును, అంతే. నవంబరులో ఎనిమిదవ తరగతి తిరిగి తెరచినప్పుడు, నా లెక్కలో ప్రతిదినము హాజరైన ఒక బాలిక నోటుపుస్తకమును తెరచి చూచితిని. మార్చి నెలలో వ్రాసిన వాక్యము సగములో ఆగియున్నది. తరువాతి పుట తెల్లగా ఉన్నది.

"మీ ఇంట్లో ఫోను ఉంది కదమ్మా?" అంటిని.

"ఉంది మాస్టారూ. అన్నయ్యకి పదో తరగతి. పొద్దున నాన్న పొలానికి పట్టుకుపోతాడు, రాత్రి అన్నయ్య చూసుకుంటాడు. నాకు గిన్నెలు తోమేటప్పటికే ఛార్జింగు అయిపోయేది."

ఆ పిల్ల ఫిర్యాదుగా చెప్పలేదు. వాన పడినది అన్నట్లు చెప్పెను. నా లెక్కలో ఒక ఇల్లు ఒక గడి. ఆ గడిలో అన్నయు చెల్లెలును ఒకటే. ఆ ఇంటిలో మాత్రము వారిరువురు ఒకటి కారు.

తరువాత పెద్ద లెక్కలు చదివినప్పుడు మా ఊరి సంగతియే దేశమంతటను జరిగినదని తెలిసికొంటిని. గ్రామీణ కుటుంబములలో పిల్లల చదువును ఏటేట పరీక్షించు అసర్ నివేదిక ప్రకారము స్మార్ట్‌ఫోను గల ఇండ్లు 2018లో నూటికి 36.5, 2021 నాటికి 67.6. మూడేండ్లలో ఇంచుమించు రెండింతలైనవి. అప్పుచేసి కొన్నవారు ఎందరో మనకు తెలియును. ఐతే ఫోనున్న ఇండ్లలోని పిల్లలలోగూడ నాలుగింట ఒకవంతుకు మించి దానిని వాడుకొనుటకు వీలులేనివారే. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రేజ్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు పదునైదు రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములలో పేద కుటుంబముల పిల్లలను సుమారు 1,400 మందిని విచారించి చూచిరి. పల్లెలలో క్రమముగా ఫోనుద్వారా చదువుచున్నవారు నూటికి 8 మంది. బొత్తిగా చదువు మానినవారు 37 మంది. నా సాయంకాలపు లెక్క ఎక్కడ, ఆ లెక్క ఎక్కడ!

అట్లైనచో బడులు ముందే తెరువవలసినదా? ఈ ప్రశ్నకు ఇప్పుడు తీరికగా కూర్చుండి సమాధానము చెప్పుట సులభము. నాటి భయమును మరువరాదు. టీకా లేదు, మన దేశమున పెద్దలకు టీకా వేయుట 2021 జనవరి 16న గాని ఆరంభము కాలేదు. పదునైదేండ్లు నిండిన పిల్లలకు 2022 జనవరి 3న. మన పల్లెటూళ్లలో బిడ్డ ఒంటరిగా బ్రతుకదు. ఒకే గదిలో తాతయు నాయనమ్మయు ఉందురు. బిడ్డకు జలుబుగా పోవునది తాతకు మృత్యువై రావచ్చును. 2021 ఏప్రిలు, మే నెలలలో రెండవ ఉప్పెన వచ్చినప్పుడు ఈ ఊరిలో ఎన్ని ఇండ్ల దీపము ఆరెనో మీరెరుగుదురు. మా పాఠశాలలో పదునెనిమిదేండ్లు నాతో కలిసి పనిచేసిన గణితోపాధ్యాయుని ఆ నెలలోనే పోగొట్టుకొంటిమి. ఆయన ఆఖరు దినమువరకు తరగతికి వచ్చినవాడు. అందుచేత, బడి మూసినవారందరు బుద్ధిలేనివారని అనువారి పక్షమున నేను నిలువను.

ఐనను మూయుట, తెరచుట అను రెండే మార్గములు కావు. మధ్య మార్గములు లోకమున పూర్వమునుండి కలవు. 1918లో విషజ్వరము ప్రపంచమును చుట్టినప్పుడు — మన దేశములోనే ఆ జ్వరమునకు కోటిమందికి పైగా బలియైరి — అమెరికాలో అనేక నగరములు బడులు మూసెను. న్యూయార్కు నగరము మాత్రము మూయలేదు. అక్కడి ఆరోగ్యాధికారి రాయల్ కోప్లండు చెప్పిన కారణము వినదగినది. ఆ నగరమున సుమారు పదిలక్షలమంది బడిపిల్లలలో మూడువంతులవారు ఇరుకైన అద్దెకొట్లలో, గాలి వెలుతురులేని గదులలో నివసించువారు. ఆ గదులకంటె బడి శుభ్రమైనది. ఉదయమున బడికి వచ్చిన పిల్లవానిని ఉపాధ్యాయుడు చూచును, జ్వరముండినచో వేరుపరచి వైద్యునికి చూపుదురు. ఇంటికడ ఉన్నచో చూచువాడెవడు? చికాగో నగరముగూడ అట్లే చేసెను. ఐతే ఆ బడులలో అప్పటికే వైద్యులు, నర్సులు నియమింపబడియుండిరి. ఆ ఏర్పాటులేని ఊరు న్యూయార్కును చూచి బడి తెరచినచో అది తెగింపే గాని వివేకము కాదు.

క్షయవ్యాధి ప్రబలిన కాలమున 1904లో జర్మనీ దేశమున బెర్లిను నగరము చెంత షార్లొటెన్‌బర్గులో అడవి నడుమ చెట్లక్రింద బడి పెట్టిరి. అది చూచి ఇతర దేశములవారును గాలిబడులు పెట్టిరి. ఈ కథ చదివినప్పుడు నాకు నవ్వు వచ్చెను. చెట్టుక్రింద బడి మనకు ఎవరైన నేర్పవలెనా? మా బడిలో నాలుగు వేపచెట్లు ఉన్నవి. 2020 నవంబరులో బడి తెరచినప్పుడు మేము ఏమి చేసితిమి? బల్లలను మందునీటితో మూడుసార్లు తుడిచి, గడపకు బ్లీచింగుపొడి చల్లి, పిల్లలను గదిలో కూర్చుండబెట్టితిమి. దుమ్ము వచ్చునని కొన్ని కిటికీలు మూసితిమి. ఈ వ్యాధి ముఖ్యముగా గాలిద్వారా వ్యాపించునని, బల్లలకంటె కిటికీలు ముఖ్యమని వైద్యులు రూఢిగా చెప్పుసరికి చాలకాలము గడచెను. వేపచెట్లు ఆ సంవత్సరమంతయు ఊరక నీడనిచ్చినవి.

తెరచిన క్రమమును గూర్చి నా అభిప్రాయము నిర్మొగమాటముగా చెప్పెదను. మన రాష్ట్రమున 2020 నవంబరు 2న మొదట తొమ్మిది, పది తరగతులు తెరచిరి. ఆపైన ఎనిమిది, ఏడు. ఒకటి మొదలు అయిదు తరగతుల చిన్నవారు 2021 ఫిబ్రవరి 1వ తేదీవరకు వేచియుండిరి. తెలంగాణమున తొమ్మిది, పది తరగతులే ఫిబ్రవరి 1న మొదలైనవి. కారణము స్పష్టమే. పదవ తరగతికి పబ్లికు పరీక్ష కలదు. ఒకటవ తరగతికి లేదు. ఐతే పదవ తరగతి బాలుడు పుస్తకము చేతబట్టి తనంత తాను చదువుకొనగలడు. ఒకటవ తరగతి బిడ్డకు అ ఆలు ఎవరు దిద్దించెదరు? ఫోను చేయి పట్టి దిద్దించునా? డెన్మార్కు దేశమువారు 2020 ఏప్రిలు 15నే బడులు తెరచుటకు మొదలిడి, ముందుగా చిన్నపిల్లలనే పిలిచిరి. కొద్దిమంది పిల్లల జట్లు కట్టి, వీలైనంత వరకు ఆరుబయట పాఠములు చెప్పిరి. వారి ధనము, వారి వసతులు వేరు. కాని చిన్నవారిని ముందు పిలువవలెనను ఆలోచనకు ధనముతో పనిలేదు. మనము పరీక్షను చూచితిమి, పునాదిని చూడలేదు.

అటు మరీ ఆలస్యము చేసినవారు గూడ కలరు. ఉగాండా దేశమున, నడుమ కొందరికి తెరచి మరల మూసిన కాలముతో కలిపి 83 వారములు గడచి, 2022 జనవరి 10న గాని అందరికిని బడి తెరువలేదు.

మన చిన్నపిల్లల లెక్క చూడుడు. 2020 జూనులో ఒకటవ తరగతిలో చేరవలసిన బిడ్డ 2021 ఫిబ్రవరిలో మొదటిసారి బడిమెట్టు ఎక్కెను. ఏప్రిలులో మరల మూసిరి. ఆగస్టు 16న తెరచునప్పటికి అది రెండవ తరగతి. 2022లో మూడవ తరగతి. వాచకములో రెండు పుటల పాఠములు వచ్చినవి. బిడ్డకు గుణింతము రాదు. ఆ యేడు అసర్ వారు పరీక్షించినప్పుడు మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 10.3 మంది. 2018లో 22.6 ఉండిరి. తెలంగాణమున 18.1 నుండి 5.2కు పడెను. దేశమంతటి సగటు 27.3 నుండి 20.5. అంకెలు చదువుటకు చిన్నవి. మూడవ తరగతిలో ఇరువది మంది పిల్లలున్న బడిలో ఇద్దరు మాత్రమే చదువగలరు, తక్కిన పదునెనిమిది మంది పెదవులు కదపుచుందురు అని భావించినచో ఆ అంకె అర్థమగును. 2018లో ఉన్న 22.6 మాత్రము గొప్పదా అని మీరడుగవచ్చును. గొప్పది కాదు. వ్యాధికి ముందే మన బడికి జబ్బు ఉన్నది. మహమ్మారి దానిని మంచమెక్కించినది.

పదవ తరగతి పరీక్షలను 2020లోను, 2021లోను రద్దుచేసి అందరిని ఉత్తీర్ణులను చేసిరి. అది దయతో చేసినపని. వేలమందిని ఒకచోట చేర్చి ప్రాణాపాయము తెచ్చుట ఎవరికి ఇష్టము? తల్లిదండ్రులు సంతోషించిరి. 2022లో పరీక్షలు జరిగెను. 2019లో నూటికి 94.88 మంది గెలిచిన మన రాష్ట్రమున ఆ యేడు 67.26 మంది గెలిచిరి. ఆ ఫలితమునకు కారణములు పలువురు పలువిధముల చెప్పిరి. ఎనిమిదవ తరగతిని ముగించీ ముగింపక, తొమ్మిదవ తరగతిని సగము చూచి వచ్చిన పిల్లలు వారు అనునది మాత్రము నేను కన్నులార చూచినది. రెండేండ్లు పరీక్షలేదని దయచూపి, మూడవయేట ఏమియు జరుగనట్లు అదే ప్రశ్నపత్రము చేతికిచ్చుట — ఇందు దయ ఎక్కడ ముగిసెను, నిర్లక్ష్యము ఎక్కడ మొదలయ్యెను? నడుమ ఆరునెలలు వెనుకటి పాఠములకే కేటాయించియున్నచో బాగుండెడిది. మా బడిలో నేను ఆరువారములు మాత్రము చేయగలిగితిని. సిలబసు పూర్తికావలెనను తొందర నన్నును తరిమెను.

ఆ దినములలో ప్రైవేటు బడి ఉపాధ్యాయుల పాట్లు మరువదగినవి కావు. ఫీజులు రాక జీతములు ఆగిపోయినవి. డిగ్రీలు చదివినవారు ఉపాధిహామీ పనికి పోయిరి, కూరగాయలు అమ్మిరి. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిలులో వారికి నెలకు రెండువేల రూపాయలు, ఇరువదియైదు కిలోల బియ్యము ఇచ్చెను. ఫీజు కట్టలేని తల్లిదండ్రులు పిల్లలను సర్కారుబడికి తెచ్చిరి. దేశమున పల్లె పిల్లలలో ప్రభుత్వబడిలో ఉన్నవారు 2018లో నూటికి 65.6, 2022లో 72.9. 2024 నాటికి మరల 66.8కి దిగినది. చేతిలో డబ్బు ఆడగానే వెనుకకు పోయిరి. వచ్చినవారిని నిలుపుకొనలేకపోతిమి. ఇది మా ఉపాధ్యాయులు ఆలోచింపవలసిన మాట. దీనిని ఇంతటితో విడుతును.

క్షేమము అనుమాటకు వైద్యులు ఒక అర్థము చెప్పుదురు. నాకు తెలిసిన అర్థము వేరు. బడి తెరచినప్పుడు పిల్లలు మారియుండిరి. గంట మ్రోగినచో ఎవరు ఎక్కడ కూర్చుండవలెనో మరచిరి. కొందరు మాటాడుటయే మానిరి. తండ్రిని పోగొట్టుకొన్న బిడ్డకు ప్రభుత్వము సాయము ప్రకటించినది — తల్లిదండ్రులిరువురును పోయినవారి పేర పదిలక్షల రూపాయలు నిలువచేయు పథకములు కేంద్రములోను, మన రాష్ట్రములోను 2021 మేలోనే వచ్చినవి — కాని ఆ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మాటాడు మనిషిని ఏ పథకము ఇయ్యగలదు? ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలికలలో కొందరి పేర్లు హాజరుపట్టీలో మిగిలినవి, వారు అత్తవారిండ్లకు పోయిరి. పెండ్లికి పిలిచినచో పంతులు అడ్డుపడునని మమ్ము పిలువలేదు.

ఒక బాలుని సంగతి చెప్పెదను. తొమ్మిదవ తరగతి. నవంబరులో బడి తెరచినను రాలేదు. సంక్రాంతి పోయిన తరువాత వెదకికొని పోతిని. మిరపచేలో కాయలు కోయుచుండెను. తండ్రి ఆటోకు అప్పు తెచ్చి, ఆటో తిరుగక వాయిదాలు మీదపడినవి. బాలుని కూలి ఆ వాయిదాలకే పోవుచున్నది. పిల్లవానిని పంపుమని తల్లిని బ్రతిమాలితిని. ఆమె బుట్ట దించి, "పంపుతాను మాస్టారూ. మళ్లీ బడి మూయరని మీరు చెప్పగలరా? కూలి మానిపించి పంపినాక మూసేస్తే నా గతేంటి?" అనెను.

మూయరని చెప్పితిని. చెప్పకున్న వాడు రాడు. ఫిబ్రవరి మొదటి వారమున వాడు బడికి వచ్చెను. వెనుక వరుసలో కూర్చుండెడివాడు. చేతులు మిరపఘాటునకు మండుచున్నవని కలము పట్టుటకు వెనుకాడెడివాడు. ఐనను వచ్చెను, పదునొకండు వారములు వచ్చెను. ఏప్రిలులో బడి మూసిరి. ఆగస్టులో తెరచినప్పుడు నేను మరల ఆ ఇంటికి పోలేదు. పోయి ఏమని చెప్పవలెను? ఆ బాలుడు ఇప్పుడు గుంటూరు మిరపయార్డులో బస్తాలు మోయుచున్నాడు. దారిలో కనబడినచో నమస్కారము చేయును.

ఇక ఈ వరండా కథ. 2020 ఆగస్టులో మన కార్యదర్శిగారును, డిగ్రీ చదువు నలుగురు యువకులును నావద్దకు వచ్చి, చిన్నపిల్లలకు పుస్తకములైన ఇత్తుమనిరి. గుమికూడుట ప్రమాదమని ఊరిలో కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పిరి. వారి మాట తప్పు కాదు. కావున పిల్లలను పిలువక, ఆదివారమునాడు సంచిలో పుస్తకములు వేసికొని వాడవాడకు పోయితిమి. తిరిగివచ్చిన పుస్తకములను మూడుదినములు వేరు పెట్టెలో ఉంచి గాని మరొకరికి ఇచ్చువారము కాము. అదియు నాటి భయమే. సంచి మోయుచు కాలువగట్టున నడచునప్పుడు నాకు పాతూరి నాగభూషణముగారు జ్ఞప్తికి వచ్చిరి. 1935లో కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు పెట్టుకొని ఊరూర ఆగి పంచిన పుణ్యాత్ములు వారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘమును నెలకొల్పిరి. పాఠకుడు రాకున్న పుస్తకమే పోవలెను.

కాని పుస్తకముల సంచి విప్పినప్పుడు మన లోపము బయటపడెను. ఈ గ్రంథాలయమున నవలలు కలవు, పురాణములు కలవు, పోటీపరీక్షల పుస్తకములు బీరువానిండ కలవు. ఆరేండ్ల బిడ్డ చదువుకొనదగినవి, పెద్ద అక్షరములు, పుటకు రెండు వాక్యములు గలవి పందొమ్మిదే దొరికినవి. వాడకు నాలుగు. ఒక్క పుస్తకము కొరకు ఇద్దరు అక్కచెల్లెండ్రు ఏడ్చుట చూచితిని. చదువరాని తల్లి, "అక్షరాలు రావు గానీ బొమ్మ చూసి నేనే కథ చెబుతా, ఉంచండి" అని పుస్తకమును మరియొక వారము అడిగి తీసికొన్నది.

2022లో మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను మధ్యాహ్నము ఒక గంట తరగతులు కలిపివేసి, ఎవరికి ఎంత వచ్చునో దానినిబట్టి జట్లు చేసి చదివించుటకు ప్రాథమికపాఠశాలవారు పూనుకొనిరి. అక్షరములు రానివారు ఒక జట్టు, పదములు కూడబలుకువారు ఒక జట్టు, వాక్యము చదువువారు ఒక జట్టు. దేశములో పలుచోట్ల ఫలమిచ్చిన పద్ధతి ఇది. అయిదవ తరగతి బాలుడు మూడవ తరగతివారితో కూర్చుండుటకు మొదట సిగ్గుపడెను. పదిదినములకు ఆ సిగ్గు పోయెను. ఆ జట్లకును ఈ పందొమ్మిది పుస్తకములే ఆధారము. అట్టలు ఊడి, మైదాపిండి జిగురుతో అతికి, మరల ఊడినవి. 2024లో అసర్ వారి దేశపు సగటు మరల 27.1కి వచ్చినది, అనగా పోయినది ఇంచుమించు తిరిగివచ్చినది. ఊరక రాలేదు. ఇట్టి చిన్నగంటలు ఎన్ని ఊళ్లలో ఎందరు చేసిరో గాని, వారివలన వచ్చినది. ఐతే సగటు తిరిగివచ్చుట వేరు, ఆ 2020నాటి పిల్లలు తిరిగివచ్చుట వేరు. వారిప్పుడు ప్రాథమికపాఠశాల దాటిరి. వారిలో ఇప్పటికిని కూడబలుకువారు కలరు.

కార్యవర్గమువారికి నా విన్నపము రెండు మాటలు. రజతోత్సవ నిధిలో మిగులుసొమ్ముతో ముఖద్వారమునకు కమాను కట్టవలెనను ఆలోచన ఉన్నట్లు వింటిని. కమాను మరి రెండేండ్లకు కట్టవచ్చును. ఆ సొమ్ముతో చిన్నపిల్లల పుస్తకములు, ఒక్కొక్కటి నాలుగేసి ప్రతులు, కొని ప్రత్యేకముగా ఒక బీరువాలో పెట్టుడు. రెండవది, ప్రతి వాడలో ఏ ఇంట ఎందరు పిల్లలు, ఏ తరగతి, చదువు చెప్పగల పెద్దపిల్లలు ఎవరు అనునది ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఇండ్లను గాక పిల్లలను లెక్కింపుడు. నా పొరబాటు మీరు చేయవలదు. వరద వచ్చినను, మరియొక జ్వరము వచ్చినను, బడి పదిదినములు మూసినను ఆ పట్టీ పనికివచ్చును. దానిని వ్రాయుటకు నాకు తీరిక ఉన్నది. ఎల్లుండి సోమవారము నుండి వత్తును.

ఆ పందొమ్మిది పుస్తకములలో పదునొకండు ఇంకను మిగిలియున్నవి. వానికి తోడుగా ఉండుటకు ఏబది క్రొత్త పుస్తకముల కట్ట తెచ్చితిని. కార్యదర్శిగారు స్వీకరింతురుగాక.